అల్లికలో తప్పు కనిపించగానే సూదులు లాగేయకండి

స్వెట్టర్లు అల్లడం నేర్పేదాన్ని కాబట్టి రాత్రిపూట నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఒకటే: "మేడం, కింద ఎక్కడో తప్పు పడింది, విప్పేయనా?" అడిగేవాళ్ళు నయం. కొందరు మొత్తం విప్పేసి, ఊలంతా ఒళ్ళో పోసుకుని అప్పుడు ఫోన్ చేస్తారు.

అపోహ: తప్పు ఎక్కడుందో అక్కడిదాకా విప్పాల్సిందే.

ఎక్కువమంది నష్టపోయేది దీనివల్లే. ఒక పిన్నిగారు కూతురి పురుటికి న్యూజెర్సీ వెళ్ళే హడావుడిలో ఉండి, పుట్టబోయే మనవడికో మనవరాలికో చిన్న స్వెట్టర్ అల్లుతున్నారు. వెనక భాగం చంకల దాకా వచ్చాక చూసుకుంటే, ఇరవై వరసల కింద ఒకచోట నిట్ (నునుపుగా V లా కనిపించేది) బదులు పర్ల్ (దాని తిరగేసిన వైపు, అడ్డంగా బుడిపెలా కనిపించేది) పడింది. విప్పక తప్పదని ఎవరో అన్నారట, విప్పేశారు. విప్పకుండా సరిచేస్తే ఐదు నిమిషాల పనండీ అది! ఆవిడ ఫోన్లో ఏడుస్తుంటే ఆ సలహా ఇచ్చినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది.

వాస్తవం: ప్రతి స్టిచ్‌నీ (అంటే ఒక్కో లూప్‌నీ) పట్టి ఉంచేది దాని పై స్టిచ్చే. అందుకని అల్లుకుంటూ తప్పుకి సరిగ్గా పైకి వచ్చి, ఆ ఒక్క స్టిచ్‌నే సూది మీంచి వదిలేసి, తప్పు పడిన స్టిచ్ కూడా ఊడేదాకా మెల్లగా జార్చండి. నిచ్చెన మెట్లలా అడ్డపోగులు కనిపిస్తాయి. క్రోషే సూదిని (కొసన కొక్కెం ఉండేది) ముందువైపు నుంచి లూప్‌లోకి దూర్చి, ఒక్కో పోగునీ అందులోంచి లాగుతూ, ఒక్క మెట్టు కూడా వదలకుండా పైకి రండి. పర్ల్ కావాల్సిన చోట బట్ట తిప్పి వెనక నుంచి అదే పని. కేబుల్ (జడలా మెలికలు తిరిగే డిజైన్) అటుది ఇటు మెలిక పడినా అంతే, ఆ నాలుగో ఆరో స్టిచ్‌లే జార్చాలి. లేసు డిజైన్లలో మాత్రం, చిల్లులూ తగ్గింపులూ ఉంటాయి కాబట్టి, కొత్తవాళ్ళు జార్చకండి. తప్పుకి కింద ఏ పొరపాటూ లేని వరసలో ప్రతి స్టిచ్ కుడి కాలు (లూప్‌కి కుడివైపు పోగు) లోంచి వేరే రంగు సన్నని నూలుదారం ఎక్కించి, అప్పుడు విప్పితే అక్కడే ఆగుతుంది.

అపోహ: ఒక్క స్టిచ్ జారితే స్వెట్టరంతా ఊడిపోతుంది.

ఊడదు. జారేది నిలువుగా కిందికే, పక్కలకి పాకదు. అసలు ఊలైతే నూగు పట్టుకుని మెల్లగా జారుతుంది, నూలు, సిల్కు త్వరగా జారతాయి. ముందు ఒక పిన్నీసు గుచ్చి, టీ తాగి రండి. జారింది చూసుకోకుండా పైన చాలా వరసలు అల్లేసి ఉంటే మాత్రం అక్కడ పోగుల్లో వదులు ఉండదు, పైకి లాగితే బట్ట ముడుచుకుంటుంది. అప్పుడు వెనకనుంచి అదే ఊలు ముక్కతో కుట్టి బిగించేయండి, లేదా ఆ వరసల వరకు విప్పండి.

అపోహ: ఉతికితే అన్నీ సర్దుకుంటాయి.

ఊలులో వదులు బిగుతు తేడాలు చాలావరకు సర్దుకుంటాయి. తప్పు స్టిచ్ తప్పు స్టిచ్‌గానే ఉంటుంది. అక్రిలిక్ నీళ్ళకి పెద్దగా మారదు, పైగా ఇస్త్రీ పెడితే చచ్చుబడిపోతుంది.

అపోహ: విప్పిన ఊలు పనికిరాదు.

వస్తుంది. చిలపలా చుట్టి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే వంకర్లు పోతాయి. పొడుగు నూగుండే మొహైర్ ఒకటే విసిగిస్తుంది.

వరస మొదట్లో స్టిచ్‌లు వాటంతటవే పెరుగుతున్నాయని చాలామంది కంగారు పడతారు. దారం సూది మీదుగా వెనక్కి పోయి, మొదటి స్టిచ్ రెండు కాళ్ళూ రెండు స్టిచ్‌లుగా కనిపిస్తాయి, అంతే. దారం కిందికి లాగి మొదలుపెట్టండి.

నిజంగా మొత్తం విప్పాల్సినవి నాకు తెలిసి రెండే. గుండ్రంగా కలిపేటప్పుడు మొదటి వరస మెలిక పడితే ఎంత అల్లినా విడిపోదు, మొదటి రెండు వరసల్లోనే చూసుకోవాలి. రెండోది సైజు. 10 సెంటీమీటర్లకి 22 స్టిచ్‌లు రావాల్సిన చోట మీకు 20 వస్తుంటే, 220 స్టిచ్‌ల స్వెట్టర్ 100 సెంటీమీటర్లు కాకుండా 110 అవుతుంది. దానికి క్రోషే సూది ఏం చేయలేదు, విప్పి చిన్న నంబరు సూదులు తీసుకోండి.