ఫాస్ట్ బౌలింగ్ గురించి మా బరంపురం వైపు వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

మాది ఒడిశాలోని బరంపురం, ఇంట్లో తెలుగు, గ్రౌండ్‌లో ఒడియా. జిల్లా టీముకి తొమ్మిదేళ్లు కొత్త బంతి వేశాను, ఇప్పుడు పొద్దున్నే పిల్లలకి బౌలింగ్ నేర్పుతున్నా. పర్లాకిమిడి, ఇచ్ఛాపురం నుంచి కూడా పిల్లల్ని తీసుకొస్తారు, అందరూ దాదాపు ఇవే మాటలంటారు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: "ఎంత ఎక్కువ వేస్తే అంత స్పీడ్ వస్తాది మాస్టారూ, మావోడి చేత రోజూ వేయించండి."

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. బౌలర్ ముందు కాలు నేలకి తగిలిన క్షణంలో ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఒత్తిడి పైకి వస్తుంది, సరిగ్గా అప్పుడే నడుం వెనక్కి, పక్కకి వంగి తిరుగుతుంది. ఆ కింది వెన్నెముక ఇరవై దాటే దాకా పూర్తిగా గట్టిపడదు. మానడానికి టైం ఇవ్వకుండా వేస్తూనే ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో సన్నటి చీలిక, కుడిచేతి బౌలర్‌కి ఎక్కువగా ఎడమ పక్కన.

నాకు 17 ఏళ్లప్పుడు పరీక్షలని రెండు నెలలు బంతి ముట్టలేదు, సెలవులు రాగానే సెలెక్షన్స్ అని పొద్దున సాయంత్రం నెట్స్‌లో వేశాను, నడుం లాగుతుంటే ఓ సీనియర్ "కండ పెరుగుతోందిరా, ఆపకు" అన్నాడు, నేనూ బామ్ రాసుకుని బెల్టు కట్టుకుని వేసేశాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. చివరికి విశాఖలో ఎమ్మారై తీయిస్తే డాక్టరుగారు ఫిల్మ్‌ని లైటుకి పెట్టి కింది ఎముక దగ్గర చిన్న తెల్ల మచ్చ మీద పెన్ను ఆనించి చూపించారు. ఆరు నెలలు మంచం, నడక. ఆ ఏడు కటక్ ట్రయల్స్ పోయాయి. ఇప్పటికీ ఆ మచ్చ కళ్ల ముందే ఉంటుంది.

అందుకే మా పిల్లలందరికీ ఒక నోట్‌బుక్, వేసిన ప్రతి బంతీ లెక్క రాయాలి. ఇంగ్లండ్ బోర్డు 13 ఏళ్ల లోపు వాళ్లకి స్పెల్‌కి (ఒక విడతలో వరసగా వేసేది) 5 ఓవర్లు, రోజుకి 10 అని హద్దు పెట్టింది, నేనూ అదే పాటిస్తా. గ్యాప్ తర్వాత ఒక్కసారిగా పెంచడమే ఎముకని విరగ్గొట్టేది. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగినప్పుడు ఒక పక్కే పొడిచినట్టు ఉంటే ఆ రోజే బౌలింగ్ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి.

అపోహ: టెన్నిస్ బాల్ ఆడితే బౌలింగ్ పాడైపోతుంది.

పాడవదు. విదర్భ బొగ్గు గనుల ఊరి నుంచి వచ్చిన ఉమేశ్ యాదవ్ పంతొమ్మిది ఇరవై ఏళ్ల దాకా లెదర్ బంతి పెద్దగా ముట్టనేలేదు, తర్వాత భారత్‌కి టెస్టులాడాడు. కానీ రాత్రి టోర్నమెంట్లలో వేసిన బంతులూ నోట్‌బుక్‌లోకి ఎక్కాలి, వెన్నుకి ఏ బంతైనా ఒకటే. పిల్లలు దాచిపెట్టేది ఇక్కడే.

అపోహ: ఆరడుగుల ఎత్తు, గంటకి 140 కిలోమీటర్ల స్పీడు లేకపోతే దండగ.

వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ మాల్కం మార్షల్ ఆరడుగులు లేడు. మన ఒడిశా దేబాశిష్ మొహంతిని చూడండి, గాలిలో బంతిని పక్కకి తిప్పే స్వింగ్‌తోనే 1999 ప్రపంచకప్ ఆడాడు, 2000-01 దులీప్ ట్రోఫీలో 46 పరుగులిచ్చి ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ తీశాడు. తిండికొస్తే ఖరీదైన పౌడర్లు అక్కర్లేదు, చోడి (రాగి) అంబలి, గుడ్లు, పాలు, రాత్రి నిద్ర.

అపోహ: ఐపీఎల్ రాకపోతే డబ్బుల్లేవు. 2021లో మ్యాచ్ ఫీజులు పెంచాక రంజీ తుదిజట్టులో ఆడేవాడికి రోజుకి కనీసం 40 వేలు, లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు. కానీ ఆ జట్టులోకి రావడమే కష్టం, అందుకే డిగ్రీ మాన్పించొద్దని తల్లిదండ్రులకి గట్టిగా చెప్తా.

అపోహ: వెన్ను విరిగితే కెరీర్ అయిపోయినట్టే.

ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ పాట్ కమిన్స్ 18 ఏళ్లకి, 2011లో మొదటి టెస్టాడి, దెబ్బల వల్ల రెండోది 2017లో రాంచీలో ఆడాడు. బుమ్రా 2023లో వెన్ను ఆపరేషన్ చేయించుకుని అదే ఏడు తిరిగొచ్చాడు. మా దగ్గరా పర్లాకిమిడి గుంటడొకడికి ఇదే ఫ్రాక్చర్. వాళ్లమ్మ ఏడుస్తూ "బాబూ, ఇంక మానిపించేయమంటారా" అంది. వద్దమ్మా అన్నాను. నాలుగు నెలలు బంతి లేదు, తర్వాత నిలబడి వేయడం, తర్వాత సగం రనప్‌తో (బంతి వేసే ముందు పరుగెత్తొచ్చే దూరం) రోజు విడిచి రోజు 12 బంతులు, పదిహేను రోజులకోసారి ఆరు పెంచుతూ వచ్చాం. మొన్న ఆదివారం పూర్తి రనప్‌తో నాలుగు ఓవర్లు వేసి, నోట్‌బుక్‌లో 24 అని రాసుకొచ్చి నా చేత సంతకం పెట్టించుకున్నాడు.