స్ప్రింటింగ్ గురించి వైజాగ్ గ్రౌండుల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నేను వైజాగ్‌లో పిల్లలకి స్ప్రింట్స్ నేర్పిస్తుంటాను. 100 మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తే జ్యోతి యర్రాజి మనూరి అమ్మాయి కావడంతో ఈమధ్య చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని పొద్దున్నే గ్రౌండుకి తీసుకొస్తున్నారు, చూస్తుంటే చాలా సంతోషంగా ఉంటుంది, కాకపోతే పిల్లలతో పాటు కొన్ని నమ్మకాలు కూడా తెస్తున్నారు, వాటి వల్లే బాగా పరిగెత్తే పిల్లలు పదహారు పదిహేడేళ్ళకే మానేసి ఇంట్లో కూర్చుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: స్పీడు పుట్టుకతో వస్తుంది, ఉంటే ఏడాది రెండేళ్ళలో బయటపడిపోద్ది.

"మాస్టారూ, మావాడు స్కూల్లో ఎప్పుడూ ఫస్టే, రెండేళ్ళలో నేషనల్స్‌కి వెళ్తాడా?" అని అడుగుతారు. పుట్టుకతో వచ్చేది కొంత ఉంటుంది, కాదనను, కండరాల తీరు అందరికీ ఒకేలా ఉండదు. కానీ జ్యోతి కెరీర్ ఒక్కసారి వరసగా చూడండి. 1999లో ఇక్కడే పుట్టింది, నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పని చేస్తూ ఆస్పత్రిలో క్లీనింగ్‌కి కూడా వెళ్ళేది. పోర్ట్ హైస్కూల్లో పీఈటీ మాస్టారు అమ్మాయి పొడుగు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందని పట్టుకున్నారు. 2016లో హైదరాబాద్ సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌లో కోచ్ ఎన్. రమేష్ గారి దగ్గరికి, తర్వాత గుంటూరుకి, అక్కడ్నుంచి భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గరికి వెళ్ళింది. నేషనల్ రికార్డు తన పేరు మీదకి వచ్చింది 2022 మే నెలలో, సైప్రస్‌లోని లిమాసోల్‌లో, 13.23 సెకన్లు. అనురాధా బిశ్వాల్ 2002లో పెట్టిన 13.38ని దాటడానికి మన దేశానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

అంతకుముందు ఏం జరిగిందో చాలామందికి తెలీదు. 2020లో మూడబిద్రి ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లోనే ఆ అమ్మాయి 13.03 కొట్టేసింది, అయితే అక్కడ నాడా (డోపింగ్‌ని అరికట్టే జాతీయ సంస్థ) డోప్ టెస్ట్ జరగలేదు కాబట్టి రికార్డుగా లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 కొట్టింది, ఈసారి వెనక నుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లు ఉంది, రూల్ ప్రకారం 2.0 దాటకూడదు, అదీ పోయింది. అప్పుడున్న రికార్డు కంటే వేగంగా రెండుసార్లు పరిగెత్తి కూడా రికార్డు దక్కని పిల్ల మళ్ళీ మర్నాడు పొద్దున్న వచ్చి అవే హర్డిల్స్ ముందు నిలబడాలి కదా. నా దృష్టిలో ఛాంపియన్‌ని అక్కడ గుర్తుపట్టాలి, మెడల్ ఫొటోలో కాదు. అదే ఏడాది అక్టోబర్‌లో బెంగళూరులో 12.82తో 13 సెకన్ల లోపుకి వచ్చిన మొదటి భారత మహిళ అయింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్, హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 12.91తో సిల్వర్. పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫైయింగ్ టైమ్ 12.77 అయితే ఆ అమ్మాయి 12.78 రెండుసార్లు కొట్టింది, చైనాలో ఒకసారి, ఫిన్లాండ్‌లో ఒకసారి. సెకనులో వందో వంతు తేడా. చివరికి ర్యాంకింగ్ మీద వెళ్ళింది, ఆ ఈవెంట్‌లో ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారత అమ్మాయి తనే. ఇదంతా ఏడాదో రెండేళ్ళో కాదు, స్కూల్ గ్రౌండు నుంచి లెక్కేస్తే దగ్గర దగ్గర పదేళ్ళ పని.

అపోహ: అండర్-14లో గెలిచినోడే పెద్దయ్యాక కూడా గెలుస్తాడు.

ఇది చాలా మంది పిల్లల్ని దెబ్బతీస్తోంది. పన్నెండు పదమూడేళ్ళ వయసులో గెలిచేవాళ్ళలో చాలామంది మిగతావాళ్ళ కంటే ముందు ఎదిగినవాళ్ళు, అంతే. వాళ్ళ ఈడు పిల్లలు పదిహేను దాటాక ఎదిగి పట్టుకుంటారు, అప్పటిదాకా గెలవడమే అలవాటైన పిల్లాడు ఒక్కసారిగా నాలుగో ప్లేసుకి వస్తే తట్టుకోలేడు, ఇంట్లోవాళ్ళు అసలే తట్టుకోలేరు. ఇంక సర్టిఫికెట్‌లో వయసు తగ్గించి ఆడించేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, అది మీ పిల్లాడికి మీరు చేతులారా చేసే అన్యాయం, ఎముకల టెస్ట్‌లో ఎలాగూ దొరుకుతారు.

ఉసేన్ బోల్ట్ 2002లో పదిహేనేళ్ళకే కింగ్‌స్టన్‌లో 200 మీటర్ల వరల్డ్ జూనియర్ ఛాంపియన్. మరి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఏమైంది? మొదటి రౌండులోనే బయటికి వచ్చేశాడు. వెన్నెముక వంకర, హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) గాయాలు, వీటన్నిటినీ దాటుకుని 100 మీటర్లలో మొదటి వరల్డ్ రికార్డు కొట్టేసరికి 2008 వచ్చింది. అంతటోడికే ఆరేళ్ళు పట్టింది.

అపోహ: ఆర్కే బీచ్‌లో రోజూ ఇసకలో పరిగెడితే, బీచ్ రోడ్డులో అయిదారు కిలోమీటర్లు జాగింగ్ చేస్తే స్పీడు పెరుగుద్ది.

మన ఊళ్ళో సముద్రం ఉంది కాబట్టి ఈ మాట ప్రతి ఇంట్లో ఉంది. ఇసకలో పరుగు వల్ల పిక్కలకి, పాదాలకి బలం వస్తుంది, సీజన్ మొదట్లో నేనూ కొంచెం చేయిస్తా. కానీ మంచి స్ప్రింటర్ ఫుల్ స్పీడులో ఉన్నప్పుడు పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు లోపే, ఇసకలో పాదం దిగబడిపోయి ఆ టైమ్ బాగా పెరిగిపోద్ది, ఒంటికి అదే అలవాటవుద్ది. సింహాచలం మెట్లెక్కడం కూడా ఇంతే, బలానికి మంచిదే, స్పీడుకి వేరే పని చెయ్యాలి. జాగింగ్ అయితే ఇంకా దూరం. నెమ్మదిగా ఎక్కువసేపు పరిగెడితే నెమ్మదిగా ఎక్కువసేపు పరిగెత్తడమే వస్తుంది.

స్పీడు పెరగాలంటే ఫుల్ స్పీడులోనే పరిగెత్తాలి, కాబట్టి తక్కువ పరుగులు, మధ్యలో ఎక్కువ రెస్ట్. మేము వాడే మోటు లెక్క ప్రతి పది మీటర్లకి దాదాపు ఒక నిమిషం, అంటే పిల్లాడు అరవై మీటర్లు గట్టిగా కొడితే ఆరు నిమిషాలు ఆగాలి. గేటు దగ్గర నిలబడి చూసే తండ్రులకి ఇది నచ్చదు, "ఏటి సార్, పిల్లలు ఊరికే తిరుగుతున్నారు" అంటారు. ఊరికే కాదండీ, మళ్ళీ అదే వేగంతో పరిగెత్తడానికి ఒంట్లో శక్తి నిండుతోంది. రెస్ట్ తగ్గించేస్తే మిగిలేది అలసట, దానితో పాటు గాయం. మే నెలలో మన ఉక్కపోతకి ఇంకొంచెం ఎక్కువే ఆపాలి.

గాయం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. తొడ వెనక పట్టేస్తే వెంటనే నూనె రాసి గట్టిగా రుద్దేస్తారు, వేడినీళ్ళ కాపడం పెడతారు. లోపల కండరం చిరిగి ఉంటే రుద్దడం వల్ల ఇంకా పాడవుద్ది. మొదటి రెండు మూడు రోజులు రుద్దొద్దు, వేడి వద్దు, గుడ్డలో ఐస్ చుట్టి పెట్టండి, నడవలేకపోతే డాక్టర్‌కి చూపించండి.

అపోహ: స్టార్ట్‌లో వెనకబడితే పోయినట్టే.

పారిస్ 2024 ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్ మళ్ళీ పెట్టుకుని చూడండి. నోవా లైల్స్ రియాక్షన్ టైమ్, అంటే గన్ పేలాక కదలడానికి పట్టిన టైమ్, 0.178 సెకన్లు, ఫైనల్లో అందరికంటే నెమ్మదిగా కదిలినవాళ్ళలో ఒకడు, ముప్పై మీటర్ల దగ్గర ఆఖరున ఉన్నాడు, గెలిచింది మాత్రం అతనే, కిషేన్ థాంప్సన్ మీద సెకనులో వెయ్యో వంతుల తేడాతో. చివరి దాకా స్పీడు పెంచుకుంటూ పోతారనేది కూడా నిజం కాదు. బెర్లిన్ 2009లో బోల్ట్ 9.58 కొట్టినప్పుడు 60 నుంచి 80 మీటర్ల మధ్య ఇరవై మీటర్లకి 1.61 సెకన్లు, ఆఖరి ఇరవైకి 1.66. అంటే బోల్ట్ కూడా చివర్లో తగ్గాడు, మిగతావాళ్ళ కంటే తక్కువ తగ్గాడు. అందుకే పిల్లలకి ఆఖర్లో పళ్ళు బిగించొద్దని, భుజాలు, దవడ వదులుగా ఉంచమని అరుస్తుంటా.

పొడుగు, వయసు గురించి ఎక్కువ చెప్పను. జమైకా స్ప్రింటర్ షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ అయిదడుగులే ఉంటుంది, 2017లో బాబు పుట్టాక 2019లో మళ్ళీ 100 మీటర్ల వరల్డ్ ఛాంపియన్ అయింది, 2022లో ముప్పై అయిదేళ్ళకి 10.67తో ఇంకోసారి అయింది. చైనా స్ప్రింటర్ సు బింగ్‌టియన్ 100 మీటర్లలో 9.83 కొట్టింది ముప్పై దాటాకే.

అపోహ: ఆడపిల్లలు వెయిట్స్ ఎత్తితే మగాళ్ళలా అయిపోతారు, చిన్నపిల్లలు ఎత్తితే ఎత్తు ఆగిపోద్ది.

అవ్వరు, ఆగదు. మగాళ్ళలా కండ పెరగడానికి కావల్సినంత టెస్టోస్టెరాన్ అమ్మాయిల ఒంట్లో ఉండదు. పిల్లలకి ముందు ఒంటి బరువుతో స్క్వాట్స్, తర్వాత ఖాళీ బార్‌తో పద్ధతి నేర్పించి, కోచ్ పక్కనుండి నెమ్మదిగా బరువు పెంచితే ఎదుగుదలకి ఏ ఇబ్బందీ రాదు. కోచ్ లేకుండా జిమ్‌లో పందేలు వేసుకుని ఎత్తితేనే నడుం పోద్ది. పీరియడ్స్ టైమ్‌లో అమ్మాయి గ్రౌండుకి రాకూడదనే మాట కూడా ఇంక వదిలేయండమ్మా, నొప్పి ఎక్కువుంటే ఆ రోజు తగ్గిస్తాం, బాగుంటే పరిగెడుతుంది, అది ఆ పిల్ల చెప్పాలి, ఇంకెవరో కాదు.

అపోహ: షాపులో అమ్మే పౌడర్ కాబట్టి తప్పు లేదు.

ఇది బాగా గుర్తు పెట్టుకోండి. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత అథ్లెట్‌దే, తెలీక తాగానంటే నాడా వదిలెయ్యదు, కేసు నడుస్తుంది. డబ్బా మీద రాయని మందు లోపల కలిసిన సందర్భాలు కూడా ఉన్నాయి. జలుబు మాత్రల్లో కూడా పోటీ రోజున నిషేధం ఉన్నవి ఉంటాయి, అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్ళగానే మావాడు పోటీలకి వెళ్తాడని ముందే చెప్పండి, చీటీ దాచుకోండి. మందుల షాపులో కుర్రాడు ఇచ్చిన మాత్ర వేసెయ్యొద్దు. పధ్నాలుగేళ్ళ పిల్లాడికి పౌడర్లు అక్కర్లేదు, ఉడకబెట్టిన గుడ్లు, పప్పు, చేపలు, పెరుగన్నం, రాత్రి ఫోన్ పక్కన పెట్టి తొమ్మిది గంటల నిద్ర, ఇవి సరిపోతాయి.