బయోరియాక్టర్‌లో కిడ్నీ కాయదు

పండక్కి బరంపురం వచ్చానంటే చాలు, పర్లాకిమిడి నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. "మీ మెషీన్లో కిడ్నీలు పెంచుతారట గదేటి బాబూ, మనకెప్పుడిస్తారు?" ఆ మెషీనే బయోరియాక్టర్, కణాలకి ఆహారం, ఆక్సిజన్ అందిస్తూ ల్యాబులో పెంచే పాత్ర, నా పని దానిమీదే. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం పక్కనే బతికేవాళ్లం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అంటే ఏమిటో చదువురాని పెద్దమ్మకి కూడా తెలిసిన ఊళ్లు మావి. ఆ ఆశని వెక్కిరించే మనసు నాకు లేదు, దాన్ని వాట్సాప్‌లో అమ్ముకునేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: మన కణాలిస్తే బయోరియాక్టర్‌లో కిడ్నీ పెంచి ఇస్తారు.

వాస్తవం: ఇవ్వరు. మనిషికి పెట్టదగ్గ కిడ్నీని ఇలా ఎవరూ పెంచలేదు. 2013లో అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు ఎలుక కిడ్నీలో పాత కణాలన్నీ కడిగేసి, మిగిలిన చట్రంలో కొత్తవి నింపి, బయోరియాక్టర్‌లో పెంచి, మళ్లీ ఎలుకకే పెడితే కాస్త మూత్రం వచ్చింది. ఫార్వర్డుల్లో ఆ ఎలుక మాయమై కిడ్నీ ఒక్కటే మిగిలింది! అసలు చిక్కు ఆక్సిజన్‌తో. రక్తనాళానికి 100-200 మైక్రాన్లు (మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు) దాటితే కణానికి ఊపిరందదు. ఎముక ముక్క పెంచేటప్పుడు మేం పంపు పెట్టి మీడియాన్ని, అంటే కణాలకి ఆహారమిచ్చే ద్రవాన్ని, దాని లోపల్నుంచి తోస్తూనే ఉంటాం, ఆ ద్రవం గులాబీ రంగు పసుపుకి తిరిగితే ఆమ్లం పేరుకున్నట్టే, వెంటనే మార్చేస్తాం, అయినా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే అంచులు బతికి నడిమధ్య చచ్చిపోయిన ముక్కలు ఎన్నో. గోరంత ముక్కకే ఇంత గోల, కిడ్నీకైతే ఒక్కోదాంట్లో రక్తాన్ని వడకట్టే సన్నని గొట్టాలు, నెఫ్రాన్లు, సుమారు 10 లక్షలు.

మా దూరపు బావ ఒకాయన ఈ కబురు నమ్మి ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ సూది కోసం చేతిలో ధమనిని సిరకి కలపడం) వాయిదా వేస్తూ పోయాడు. ఎవడో ఏజెంటు 'బుకింగ్' అని అడ్వాన్సు కూడా పట్టుకెళ్లాడు. ఫిస్టులా చేశాక ఆ సిర ఉబ్బి సూదికి పనికిరావడానికే వారాలు పడుతుంది, ఈయనకి ఆ టైమే మిగల్లేదు, ఆయాసంతో అర్ధరాత్రి ఆటోలో తీసుకెళ్తే మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేశారు. కాబట్టి డాక్టరు ఫిస్టులా అంటే చేయించుకోండి, మార్పిడి జాబితాలో పేరు రాయించుకోండి. 'ట్రయల్' అంటే సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు అడగండి, డబ్బులడిగితే లేచి వచ్చేయండి.

మిగతావి గబగబా. అంతా మోసమేనా అంటే కాదు. బయోరియాక్టర్‌లో పెంచిన రక్తనాళం సిమ్‌వెస్‌కి 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది, అదీ చేతి, కాలి ధమని దెబ్బతిని, సొంత సిర తీసి వాడే వీల్లేని పెద్దవాళ్లకి. బొడ్డుతాడు రక్తం దాచాం కదా అంటారు, అందులో ఉండేవి ముఖ్యంగా రక్తాన్ని తయారుచేసే మూలకణాలు, కిడ్నీని కట్టేవి కావు. ఇక 3డీ ప్రింటర్ ఉండగా బయోరియాక్టర్ దేనికంటే, ప్రింటర్ కణాల్ని పేరుస్తుంది, వాటిని బతికించి పెంచాల్సింది ఇదే.