అబద్ధం మోసుకొచ్చేది మన బావగారేనండి

ఇరవయ్యేళ్లు విలేకరిగా తిరిగి, ఇప్పుడు ఫోన్‌లోనే లోకల్ వార్తలు నడుపుకుంటున్నవాడిని. కోనసీమలో ఏటిగట్టు పక్క ఊరు మాది. "ఇది నిజమేనా అండి?" అంటూ రోజూ నాకు వచ్చే మెసేజ్‌లు చూసీ చూసీ ఇది రాస్తున్నా.

అపోహ: తప్పుడు వార్తలన్నీ ఎక్కడో కూర్చున్న పార్టీల ఐటీ సెల్ వాళ్ల పనే.

పుట్టించేది వాళ్లే కావచ్చు, మన ఇంటిదాకా తెచ్చేది మాత్రం మనవాళ్లే. ట్విటర్‌లో అబద్ధం నిజంకంటే వేగంగా పాకుతోందని, అందుకు ముఖ్య కారణం బాట్లు (వాటంతటవే పోస్టులు పెట్టే ఖాతాలు) కాక మనుషులేనని 2018లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో రాశారు. నాకైతే అది 2022 జులై వరదల్లో తెలిసొచ్చింది. "గోదావరి 70 అడుగులు దాటింది, గట్టు తెగింది" అని ఒక వీడియో. ఆ 70 అడుగులు భద్రాచలం లెక్క! అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి ఇస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17.75 అడుగులకే ఇస్తారు, రెండు చోట్లా కొలత వేరు, ఈ తేడా తెలియక సామాన్లు సర్దుకుని బడికి పరిగెత్తినవాళ్లున్నారు. వీడియో ఏ ఊరిదో, ఏ ఏటిదో. పంపింది మా బావగారు, గట్టు కింద పొలం ఉన్న మనిషి, ఆయన చెబితే నమ్మక ఏం చేస్తాం? నేనూ పెట్టేశాను. అరగంటలో తీసేసినా రెండు రోజులపాటు అదే వీడియో తిరిగి తిరిగి నాకే వచ్చింది.

ఎక్కువసార్లు తిరిగిన మెసేజ్‌కి వాట్సాప్ రెండు బాణాల గుర్తు పెడుతుంది, 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. కానీ వీడియో ఫోన్‌లో దించుకుని కొత్తగా పెడితే ఆ గుర్తు ఉండదు. మా బావగారికి ఈ కిటుకు బాగా తెలుసు.

అపోహ: నెట్ వస్తే కులం, ఊరు అన్న పట్టింపులు పోతాయి.

ఆయ్, పోతాయి! కార్తీకమాసంలో ఏ కులం వనసమారాధన ఏ తోటలోనో ఇదివరకు నోటిమాట మీద తెలిసేది. ఇప్పుడు దానికో గ్రూపు, అందులో గల్ఫ్‌లో ఉన్నవాళ్లూ, అమెరికాలో ఉన్నవాళ్లూ. భోజనాలు అయిపోయినా గ్రూపు మాత్రం ఏడాదంతా ఉంటుంది, ఎన్నికలొచ్చేసరికి అదే ప్రచార వేదిక. అరుగు మీద కూర్చుంటే పక్క వీధివాడు వచ్చి "కాదురా" అనేవాడు, గ్రూపులో ఆ పక్క వీధివాడు లేడు.

అపోహ: గ్రూపులో ఎవరేం పెట్టినా అడ్మిన్ జైలుకే.

అంత లేదు. సభ్యుడు పెట్టిన పోస్టుకి, కుట్రలో పాలు లేకపోతే, అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లోనే చెప్పింది.

అపోహ: నెట్ ఆపేస్తే పుకార్లు ఆగుతాయి.

2022 మే 24న జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలు జరిగాక నెట్ ఆపేశారు. ఆ వేడిలో అధికారులకి వేరే దారి తోచి ఉండదు, అది ఒప్పుకుంటాను. పుకార్లు మాత్రం ఫోన్ కాల్స్ మీద తిరిగాయి, వాటిని కాదని చెప్పడానికి నా దగ్గరేమో ఫోన్‌లో నెట్ లేదు. ఇంటినుంచి పనిచేసే పిల్లలు సిగ్నల్ కోసం లాప్‌టాప్ సంచులేసుకుని ఊళ్లు దాటారు. నిరవధికంగా నెట్ ఆపకూడదని, ఆ ఉత్తర్వులు బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. మా చుట్టుపక్కల అది తెలిసినవాళ్లు ఎందరు?

అపోహ: ఓటర్ల లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ఛాలెంజ్ ఓటు వేయొచ్చు, 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్.

ఎన్నికలొస్తే చాలు, ఇది లేచి కూర్చుంటుంది. పేరు లేకపోతే ఓటు లేదు, అంతే. మన పేరు మీద వేరేవాళ్లు ముందే ఓటేసి వెళ్లిపోయి ఉంటే మనకిచ్చేది టెండర్ ఓటు, 14 శాతం నిబంధన ఎక్కడా లేదు. 2024 మే 13న మా పెద్దమ్మ ఈ మెసేజ్ నమ్మి ఎండలో రెండు గంటలు నిలబడి, ఆధార్ చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చేసింది. పది రోజుల ముందు ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసినా పేరుందో లేదో చెప్పేవారు.