పోర్ట్రెయిట్ బాగుందో లేదో చెప్పేది ఎవరు? 1839 నుంచి తెగని పంచాయితీ

పోర్ట్రెయిట్ ఒకటి చూపించి ఎలా ఉందో చెప్పండి అని అడిగితే వచ్చే మాటలు దాదాపు ఎప్పుడూ అవే. కన్ను షార్ప్‌గా లేదు, చెయ్యి మణికట్టు దగ్గర కట్ అయిపోయింది, బ్యాక్‌గ్రౌండ్ ఇంకాస్త బ్లర్ అవ్వాల్సింది, స్కిన్ కొంచెం స్మూత్ చెయ్యాల్సింది, ఆవిడ కాస్త నవ్వి ఉంటే బాగుండేది. జాగ్రత్తగా చూస్తే వీటిలో మొదటి మూడూ ఫొటో గురించి, చివరి రెండూ ఆ ఫొటోలో ఉన్న మనిషి గురించి, కానీ అన్నీ ఒకే వరసలో ఒకే గొంతుతో వచ్చేస్తాయి. తీసినవాళ్ళు వింటారు, చూసినవాళ్ళు వాదించుకుంటారు, ఆ మొహం ఎవరిదో వాళ్ళని మాత్రం ఎవ్వరూ అడగరు. నాకిది చాలా కాలంగా బాధగా ఉండే విషయం. అందుకే ఈ రూల్స్ ఎక్కడ్నించి వచ్చాయి, మాట్లాడే హక్కు ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అనేది మొదట్నుంచి చెప్తాను.

1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగెర్ అనే ఆయన కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని అందరి ముందూ బయటపెట్టారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడేది, కానీ ఎక్స్‌పోజర్‌కి, అంటే రేకు మీద వెలుగు పడనివ్వడానికి, నిమిషాలకి నిమిషాలు పట్టేది కాబట్టి మనుషుల ఫొటోలకి ఇది పనికిరాదనే చాలామంది అనుకున్నారు. అదే ఏడాది చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన, వాళ్ళది దీపాలు తయారుచేసే కుటుంబం, తన ఫొటో తనే తీసుకున్నాడు. జుట్టు చెదిరి ఉంటుంది, మనిషి ఫ్రేమ్‌లో మధ్యన ఉండడు, చేతులు కట్టుకుని కొంచెం పక్కకి చూస్తుంటాడు. ఇప్పుడు మనం చెప్పే తప్పులు చాలా అందులో ఉన్నాయి, అయినా దాదాపు రెండు శతాబ్దాల కిందటి మనిషి ఇప్పుడే మనవైపు తిరిగినట్టు ఉంటుంది ఆ ఫొటో.

1840లో పెట్స్‌వాల్ అనే లెక్కల ప్రొఫెసర్ పోర్ట్రెయిట్ల కోసమే ఒక లెన్స్ లెక్కగట్టాడు, వియన్నాలో ఫోయిట్‌లాండర్ కంపెనీ దాన్ని తయారుచేసింది. వెలుగు వచ్చే రంధ్రం కొలత ఎఫ్/3.6 దగ్గర్లో ఉండేది, అంతకుముందు వాడే లెన్స్ కన్నా పది రెట్లకి పైగా వెలుగు లోపలికి రానిచ్చేది, దాంతో నిమిషాల పని సెకన్లలోకి దిగింది. దానికో లోపం ఉంది, మధ్యలో షార్ప్‌గా ఉండి అంచులకి పోయేకొద్దీ మెత్తబడిపోతుంది. అంటే మొహం స్పష్టంగా, చుట్టూ కరిగిపోయినట్టు ఉండే ఆ లుక్, ఇవాళ ఇది లేకపోతే పోర్ట్రెయిట్టే కాదన్నట్టు మాట్లాడతామే, అది మొదట్లో ఎవరో కోరుకుని తెచ్చుకున్నది కాదు, ఆ గాజు అంతవరకే చెయ్యగలిగింది.

సెకన్లంటే కూడా కదలకుండా ఉండాలి కదా. అందుకని తల వెనకాల ఇనప స్టాండు పెట్టి దాని కొక్కేల మధ్య తలని ఆనించేవాళ్ళు. పాత ఫొటోల్లో నిలబడ్డవాళ్ళ బూట్ల వెనక చూడండి, కొన్నిట్లో ఆ స్టాండు అడుగుభాగం బయటికి కనపడుతుంది, గౌను అంచు కిందో ప్యాంటు వెనకో. ఆ కాలంవాళ్ళు నవ్వకపోవడానికి ఇదే కారణం అంటుంటారు కానీ అది సగమే నిజం, ఎందుకంటే ఎక్స్‌పోజర్ బాగా తగ్గాక కూడా దశాబ్దాల పాటు జనం నవ్వకుండానే తీయించుకున్నారు. పెయింటింగుల్లో పెద్దమనుషులు ఎలా కూర్చుంటారో అలాగే కనపడాలనుకున్నారు, పళ్ళు కనపడేలా నవ్వడం మర్యాదగా అనిపించేది కాదు. నవ్వు అన్నది తర్వాత వచ్చిన అలవాటు, అది లేకపోతే ఫొటోలో తప్పున్నట్టు లెక్కపెట్టడం ఇంకా తర్వాత.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎక్కువమంది గమనించరు. డాగెర్ రేకు మీద మామూలుగా బొమ్మ కుడిఎడమలు తిరగబడి వచ్చేది, అంటే అద్దంలో చూసుకున్నట్టే. నెగటివ్ నుంచి ప్రింటు తీసే పద్ధతి వచ్చాక పరిస్థితి మారింది, మనిషికి తన మొహం అవతలివాళ్ళకి కనపడే తీరులో కనపడటం మొదలైంది. 1977లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు, ఒకే ఫొటోని మామూలుగా ఒకటి, తిప్పి ఒకటి ప్రింటు వేసి చూపిస్తే ఎక్కువమంది తమది అద్దంలో కనపడేలాంటిదే బాగుందన్నారు, వాళ్ళ స్నేహితులేమో మామూలుదే బాగుందన్నారు. కాబట్టి ఎవరైనా నా ఫొటో నాలా లేదు అంటే అది వట్టి పట్టుదల కాదు, వాళ్ళకి తెలిసిన మొహం నిజంగానే అది కాదు.

1854లో పారిస్‌లో డిస్డెరీ అనే ఆయన ఒకే ప్లేటు మీద ఎనిమిది దాకా చిన్న ఫొటోలు వచ్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. విజిటింగ్ కార్డు సైజు ఫొటోలు, ధర బాగా పడిపోయింది, మధ్యతరగతి అంతా స్టూడియోలకి వెళ్ళింది. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే పారిస్ ఎగ్జిబిషన్‌లో మ్యూనిక్ నుంచి వచ్చిన హాన్‌ఫ్‌స్టాంగల్ టచప్ చేసిన నెగటివ్‌నీ, టచప్‌కి ముందు ప్రింటునీ, తర్వాత ప్రింటునీ పక్కపక్కన పెట్టి చూపించాడు. అప్పట్నుంచి స్టూడియోల్లో పెన్సిలు పట్టుకుని ముడతలు తీసేవాళ్ళకి కొలువులు దొరికాయి. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఈ దశలో ఫొటోలో ఉన్న మనిషి మాటకి విలువ ఉంది, ఎందుకంటే డబ్బిచ్చేది వాళ్ళే. నచ్చకపోతే మళ్ళీ తియ్యమంటారు, ముక్కు తగ్గించమంటారు. డబ్బు ఇచ్చుకోలేనివాళ్ళ సంగతే వేరు, వాళ్ళ ఫొటోలు ఎవరో వచ్చి తీసుకుపోతారు, ఎక్కడెక్కడో చూపిస్తారు, వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

నిపుణులు కూర్చుని తీర్పులు చెప్పడం కూడా అప్పుడే మొదలైంది. 1853లో లండన్‌లో ఫొటోగ్రాఫిక్ సొసైటీ పెట్టారు, దానికో పత్రిక, ఎగ్జిబిషన్లు, సమీక్షలు. జూలియా మార్గరెట్ కామెరాన్‌కి 1863 చివర్లో, 48 ఏళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ కలిసి కెమెరా కొనిచ్చారు. ఆవిడ మొహానికి బాగా దగ్గరగా వచ్చి పెద్ద ప్లేట్ల మీద నిమిషాల ఎక్స్‌పోజర్లతో తీసేది, మనిషి ఊపిరికే కదిలి బొమ్మ కాస్త చెదిరేది, ప్లేటు మీద గీతలూ వేలిముద్రలూ కూడా అలాగే ఉంచేది. 1865లో ఆ సొసైటీ పత్రిక ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకుంటూనే, ఫొటోగ్రఫీకి ఉండాల్సిన మిగతా లక్షణాలన్నీ పోగొట్టుకుందని రాసింది, ఫోకస్ లేదు అనేది వాళ్ళ పెద్ద ఫిర్యాదు. ఆవిడేమో సరైన ఫోకస్ ఏదో చెప్పే హక్కు అసలు ఎవరికుంది అని శాస్త్రవేత్త హెర్షెల్‌కి ఉత్తరం రాసింది. 1867లో ఆవిడ తీసిన ఆ హెర్షెల్ ఫొటో చూస్తే, ఆ తెల్ల జుట్టు, చీకట్లోంచి వచ్చే ఆ కళ్ళు, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టగలమా లేదా అన్న ఆలోచనే రాదు. ఇప్పుడు కెమెరా తనంతట తనే కన్ను పట్టుకుని ఫోకస్ చేసేస్తుంది కాబట్టి షార్ప్‌నెస్ మీద మార్కులు వెయ్యడం చాలా తేలికైపోయింది, తేలిగ్గా కొలవగలిగేదాన్నే ముందు కొలుస్తాం, మిగతాది వదిలేస్తాం.

అదే కాలంలో అట్లాంటిక్‌కి అవతల వేరే రకం విమర్శ నడిచింది, నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ముఖ్యమైన ముక్క ఇదే. ఫ్రెడరిక్ డగ్లస్ బానిసత్వంలో పుట్టి తప్పించుకుని వచ్చిన మనిషి. తెల్ల చిత్రకారులు నల్లవాళ్ళ మొహాన్ని ఉన్నదున్నట్టు గియ్యరు, ముందే మనసులో ఉన్న వెక్కిరింపు బొమ్మనే గీస్తారు అని 1849లోనే రాశాడు. కెమెరా మాత్రం ఉన్నది చూపిస్తుందని నమ్మి జీవితమంతా ఫొటోలు తీయించుకున్నాడు, 160 దాకా దొరికాయి, 19వ శతాబ్దపు అమెరికాలో అన్ని ఫొటోలు ఇంకెవరికీ లేవంటారు. దాదాపు ఎందులోనూ నవ్వడు. నవ్వుతూ సంతోషంగా ఉన్న బానిస అనే బొమ్మ అప్పట్లో ఎంత వాడుకలో ఉందో తెలిసినవాడు కాబట్టి కావాలనే అలా కూర్చున్నాడు. ఆ ఫొటోలకి ఇవాళ ఎవరైనా కాస్త నవ్వి ఉంటే బాగుండేది అని రాస్తే ఆ మాటకి అర్థం ఏముంటుంది? ఆయనలాగే బానిసత్వంలో పుట్టి బయటపడ్డ సోజర్నర్ ట్రూత్ ఇంకో అడుగు ముందుకేసింది, 1864లో తన ఫొటో కార్డుల మీద తన పేరుతోనే కాపీరైట్ రాయించుకుని, అసలు మనిషిని నిలబెట్టుకోడానికి నీడని అమ్ముతున్నాను అని కింద అచ్చేయించి అమ్మింది. తీసిన స్టూడియో పేరు మీద కాదు, ఫొటోలో కూర్చున్న ఆవిడ పేరు మీద హక్కు.

కానీ చట్టం ఇంకో దారి పట్టింది. న్యూయార్క్‌లో సరోనీ అనే ఫొటోగ్రాఫర్ రచయిత ఆస్కార్ వైల్డ్‌ని తీసిన ఫొటోని ఒక ప్రింటింగ్ కంపెనీ అడక్కుండా 85,000 కాపీలు వేసింది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1884లో తీర్పు సరోనీకే వచ్చింది, పోజు పెట్టించింది, వెలుగునీడలు కుదిర్చింది, ఆ ఎక్స్‌ప్రెషన్ రప్పించింది ఆయనే కాబట్టి ఫొటోకి కర్త ఆయనే అన్నారు. ఫొటోగ్రాఫర్లకి అది గొప్ప గెలుపు, నేనూ కాదనను. కానీ మొహంలో కనపడే భావం కూడా తీసినవాడి సృష్టే అన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. 1902లో అబిగైల్ రాబర్సన్ అనే అమ్మాయి ఫొటోని పిండి ప్యాకెట్ల ప్రకటనకి ఆవిడకి తెలియకుండా వాడి 25,000 పోస్టర్లు వేస్తే న్యూయార్క్ పై కోర్టు, జడ్జీల్లో నలుగురు ఒకవైపు ముగ్గురు ఇంకోవైపు అయి, ఆవిడకి హక్కు లేదు పొమ్మంది. జనం మండిపడ్డారు, మరుసటి ఏడాదే అక్కడ చట్టం తెచ్చారు, ఒప్పుకోలు లేకుండా వ్యాపారానికి మనిషి బొమ్మ వాడకూడదని.

వ్యాపారం సంగతి అలా తేలింది, మరి మంచి పని కోసం తీసిన ఫొటో అయితే? 1936 మార్చిలో కాలిఫోర్నియాలో డొరోథియా లాంగ్ ప్రభుత్వ ఉద్యోగిగా ఆకలితో ఉన్న కూలీల శిబిరంలో ఒక తల్లిని పిల్లలతో తీసింది, డేరా కింద, చెయ్యి దవడకి ఆనించుకుని, రెండువైపులా పిల్లలు మొహాలు తిప్పుకుని. ఆ ఫొటోలు పేపర్లో పడ్డాక ఆ శిబిరానికి తిండిగింజలు పంపించారు, అప్పటికే ఆ కుటుంబం వెళ్ళిపోయింది. ఫ్రేమ్‌లో కింద కుడి మూలన డేరా కర్రని పట్టుకున్న ఒక బొటనవేలు కనపడేది, అది దృష్టి మళ్ళిస్తోందని లాంగ్ కొన్నేళ్ళ తర్వాత నెగటివ్ మీద దాన్ని చెరిపించింది. జాగ్రత్తగా చూస్తే ఇప్పటికీ అక్కడ మసకగా మచ్చలా ఉంటుంది. ఆ వేలు తియ్యొచ్చా తియ్యకూడదా అని డిపార్ట్‌మెంట్‌లో పెద్ద అభ్యంతరమే వచ్చింది. ఆ తల్లి పేరేంటి అని మాత్రం ఎవరూ అడగలేదు, లాంగ్ కూడా తను పేరు అడగలేదని తర్వాత తనే రాసింది. 1978లో గానీ ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియలేదు. ఆ ఫొటో తియ్యకుండా ఉండాల్సింది, నాకు పైసా రాలేదు, పేరు కూడా అడగలేదు అని ఆవిడ బాధపడింది. ఫొటో మీద హక్కులు లాంగ్‌కీ లేవు, అది ప్రభుత్వానిది, కాబట్టి ఎవరో లాభపడ్డారని నేను అనట్లేదు. 42 ఏళ్ళ పాటు ఆ మొహం గురించి అంతమంది మాట్లాడారు, ఆ మొహం ఉన్న మనిషి మాట్లాడటానికి మాత్రం అన్నేళ్ళు పట్టింది.

అలాగని మనిషి నచ్చలేదన్నంత మాత్రాన ఫొటో తప్పయిపోదు. 1963లో ఆర్నాల్డ్ న్యూమన్ జర్మనీలో ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌ని తీశాడు, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల కోసం బానిస కూలీలతో ఫ్యాక్టరీలు నడిపించినందుకు 1948లో న్యూరెంబర్గ్‌లో శిక్ష పడిన మనిషి. న్యూమన్ యూదుడు. రెండు పక్కల నుంచీ లైట్లు వచ్చేలా పెట్టి, కొంచెం ముందుకి వంగమన్నాడు, ఆ ఒక్క వంగడంతో మొహం మీద నీడలు భయంకరంగా పడ్డాయి. ఫొటో చూసి క్రుప్ మండిపడ్డాడు. అతని అభ్యంతరాన్ని నేను ఒప్పుకోను, న్యూమన్ వైపే నిలబడతాను. తేడా ఏంటంటే అక్కడ బలం కూర్చున్నవాడి దగ్గర ఉంది, థాంప్సన్ దగ్గర ఏమీ లేదు.

రంగు ఫొటోలు వచ్చాక విమర్శ కెమెరా సామాన్లలోకే దూరిపోయింది. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోడానికి ఫిల్ము కంపెనీ కొడాక్ పంపే కార్డు మీద తెల్లటి అమ్మాయి బొమ్మ ఉండేది, దాన్ని షర్లీ కార్డు అనేవాళ్ళు, ఆ చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళ మొహాలు నల్లటి ముద్దలా వచ్చి పళ్ళూ కళ్ళూ మాత్రం కనపడితే అది ఫిల్ముదో ల్యాబుదో లోపం అనకుండా ఆ మనిషి మొహం ఫొటోకి పనికిరాదు అన్నారు. చాక్లెట్లు, చెక్క సామాన్లు తయారుచేసే కంపెనీలు మా సరుకు ఛాయలు సరిగ్గా రావట్లేదని గొడవచేశాక ఫిల్ము మారిందని కొడాక్‌లో పనిచేసినవాళ్ళే చెప్పారు. వేరువేరు ఛాయల మనుషులతో కార్డులు 1990ల్లో గానీ రాలేదు. ఇప్పటికీ ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు కొంచెం బ్రైట్ చెయ్యండి అనే మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తుందో గమనించండి, ఎక్స్‌పోజర్ తక్కువైందా లేక ఆ మనిషి రంగే అదా అని ఆగి చూసేవాళ్ళు తక్కువ.

ఫోన్లతో ఇంకో చిక్కు వచ్చింది. దాదాపు 30 సెంటీమీటర్ల దూరం నుంచి సెల్ఫీ తీస్తే ముక్కు నిజం కన్నా 30 శాతం దాకా వెడల్పుగా కనపడుతుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు, ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ సమస్య దాదాపు ఉండదు. ముక్కు సర్జరీకి వచ్చేవాళ్ళు సెల్ఫీలు తెచ్చి చూపిస్తున్నారనే ఈ లెక్క వేశారు. లెన్సు ఎంత దూరంలో ఉందన్న సంగతి మొహంలో లోపంగా మారిపోయింది అక్కడ, పైగా చాలా ఫోన్లు అడక్కుండానే చర్మం నున్నగా చేసి ఇస్తున్నాయి.

నా వరకు నేను ఎవరైనా పోర్ట్రెయిట్ చూపిస్తే మూడు అడుగుతాను. ఎంత దూరం నుంచి తీశారు, ఇది ఎవరి కోసం తీశారు, అందులో ఉన్నవాళ్ళు ఇది చూశారా, చూసి ఏమన్నారు. మూడోదానికి జవాబు లేకపోతే లైటు గురించి, ఫ్రేము గురించి, దూరం గురించి ఎంతైనా మాట్లాడతాను, మొహం గురించి మాట్లాడను.