లైట్ల గదికీ పేకముక్కలకీ పోటీ

నిలువెత్తు గొట్టం నిండా నీళ్లు. కింది నుంచి బుడగలు లేస్తుంటాయి. నీటి రంగు నీలం నుంచి ఊదాకి, ఊదా నుంచి ఆకుపచ్చకి మెల్లగా మారుతుంటుంది. పక్కన మెత్తటి దిండ్లు, లావెండర్ వాసన, వినీ వినపడని సంగీతం. యూరప్‌లో డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు, ఉన్న పెద్దవాళ్లుండే చాలా కేర్ హోముల్లో ఇలాంటి గది ఒకటి ఉంటుంది. దీన్ని స్నూజెలెన్ అంటారు. వాసన చూడటం, కునుకు తీయడం అనే రెండు డచ్ మాటల్ని అతికించి చేసిన పేరు. 1970లలో నెదర్లాండ్స్‌లోని ఏడె ఊళ్లో, డి హార్టెన్‌బర్గ్ అనే సంస్థలో యాన్ హుల్సెగ్గె, ఆడ్ వెర్హూల్ దీన్ని వాడుకలోకి తెచ్చారు. వాళ్లు మొదట అనుకున్నది వృద్ధుల కోసం కాదు, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం. మాటలతో పని లేకుండా చూపు, స్పర్శ, వాసనలతో మనిషిని చేరుకోవచ్చు కదా అన్నది వాళ్ల ఆలోచన. మాట జారిపోతున్న డిమెన్షియా రోగులకు కూడా ఇది పనికొస్తుందని తర్వాత చాలామందికి తోచింది.

తోచడం వేరు, తేలడం వేరు. 2003లో ప్రచురించిన ఒక పరీక్షలో బ్రిటన్, నెదర్లాండ్స్, స్వీడన్‌లకు చెందిన 136 మంది డిమెన్షియా రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి రంగుల లైట్లు, వాసనలు, మెత్తటి వస్తువులు. రెండో గుంపుకి పేకాట, పాత ఫోటోలు చూడటం, చిన్న చిన్న క్విజ్‌లు. ఎవరికైనా ఎనిమిది విడతలే, పక్కన ఒక మనిషి తోడు. ఆ తోడున్న కాసేపూ, లేచాక కొద్దిసేపూ రెండు గుంపులూ కాస్త హుషారుగానే ఉన్నాయి. లైట్ల గది పేకముక్కల కంటే మెరుగని మాత్రం తేలలేదు. అంత ఖర్చు పెట్టి గది కట్టుకున్నవాళ్లకి ఈ ఫలితం ఎంత చేదుగా ఉండి ఉంటుందో!

కథ అక్కడితో అయిపోలేదు. యూలియా ఫాన్ వేర్ట్ అనే పరిశోధకురాలి బృందం నెదర్లాండ్స్‌లో ఆరు కేర్ హోములు, వాటిలో 12 వార్డులు తీసుకుని ఇదే విషయాన్ని ఇంకో రకంగా పరీక్షించింది. గదిని పక్కనపెట్టి అక్కడ పనిచేసే ఆయాలకు శిక్షణ ఇచ్చారు. ప్రతి మనిషి గురించి ఇంటివాళ్లను అడిగి తెలుసుకున్నారు. ఈమెకి ఏ పాట ఇష్టం, ఏ సబ్బు వాసన ఇష్టం, ఏ బట్ట తాకితే ముఖం వికసిస్తుంది అని ఒక్కొక్కటీ చూపించి గమనించారు. ఆ తెలిసినదాన్ని పొద్దున్నే ఒళ్లు తుడిచి బట్టలు మార్చే వేళలో వాడారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, మామూలు వార్డులతో పోల్చినప్పుడు ఇక్కడివాళ్లలో స్తబ్ధత, కోపం, దిగులు తగ్గాయి. 2005లో ఈ ఫలితాలు వచ్చాయి. ఈ రంగంలో నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. డిమెన్షియా ఉన్నవాళ్లకి స్నానమే రోజులో పెద్ద టెన్షన్. ఎవరో వచ్చి బట్టలు విప్పుతుంటే, ఎందుకో అర్థం కాకపోతే, ఎవరు మాత్రం తిరగబడరు?

అలవాటైనవి ఇలా పనిచేయడానికి మెదడులో కారణం ఉంది. డిమెన్షియాల్లో ఎక్కువగా కనిపించే ఆల్జైమర్స్‌లో ముందుగా దెబ్బతినేవాటిలో హిప్పోక్యాంపస్, దాని పక్కనున్న భాగాలు ఉంటాయి. కొత్త విషయాల్ని జ్ఞాపకంగా మలిచేది అవే. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. చేతులకు అలవాటైన పనులు వేరే దారుల్లో నిలవుంటాయి, ఆ దారులు చాలాకాలం పాడవకుండా ఉంటాయి. కూతురి పేరు తట్టని తల్లి కూడా మల్లెపూలు ముందు పెడితే మాల కట్టగలదు. "అడగనిదే అమ్మయినా" అని మనం ఆపితే "పెట్టదు" అని ఠక్కున పూర్తి చేయగలదు. వాసన సంగతి తిరగేసి ఉంటుంది. ఆల్జైమర్స్‌లో ఘ్రాణశక్తి తొలినాళ్లలోనే తగ్గిపోతుంది. ఆ ఖరీదైన లావెండర్ నూనెను ఆస్వాదిస్తున్నది ఎక్కువగా నర్సులే అయి ఉండాలి!

కళ్లద్దాలు తుడిచామా, వినికిడి మిషన్‌లో బ్యాటరీ ఉందా అని చూడటం అన్నిటికంటే ముందు పని. ఇది ఏ బొమ్మల కేటలాగ్‌లోనూ కనపడదు.

డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెస్టర్ ల రిష్ చేసిన పరిశోధన నుంచి టోవర్‌టాఫెల్ పుట్టింది. మాయాబల్ల అని అర్థం. పైకప్పు నుంచి ప్రొజెక్టర్ మామూలు భోజనాల బల్ల మీద వెలుగు బొమ్మలు పరుస్తుంది. చెయ్యి ఆడిస్తే ఎండుటాకులు చెదిరిపోతాయి, తాకితే పూలు విచ్చుకుంటాయి. సామెత పూర్తి చేసే ఆట కూడా ఉంది. గంటల తరబడి కదలకుండా కూర్చునేవాళ్లని కదిలించడం దాని లక్ష్యం. గెలుపూ ఓటమీ లేకపోవడం నాకు అందులో నచ్చింది. తప్పు చేశావని బల్ల ఎవరితోనూ అనదు.

జపాన్‌లో షిబాతా తకనోరి తయారుచేసిన పారో అనే రోబో కూడా అలాంటిదే. సీల్ పిల్ల ఆకారం, తెల్లటి బొచ్చు, దాదాపు 2.7 కిలోల బరువు. నిమిరితే కళ్లార్పి కూస్తుంది. ఖరీదు వేల డాలర్లు. ఆస్ట్రేలియాలో 28 కేర్ హోముల్లో 415 మందితో దీన్ని పరీక్షించారు. కొందరికి మామూలు పారో, కొందరికి యంత్రం ఆపేసిన పారో, కొందరికి ఏదీ లేదు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, బొమ్మ ఏదీ లేనివాళ్ల కంటే పారో ఇచ్చినవాళ్లలో ఆనందం ఎక్కువ, అలజడి తక్కువ. యంత్రం ఆపేసిన ఉత్త బొమ్మతో పోలిస్తే దీనికి మిగిలిన ఆధిక్యం ఒక్కటే: జనం దానివైపు ఎక్కువసేపు చూశారు, దానితో ఎక్కువ మాట్లాడారు.

బొమ్మలనగానే మనవాళ్లు "ముసలితనం రెండో బాల్యం కదా" అంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. పిల్లాడికి తెలియనిది ఇంకా నేర్చుకోవాల్సినది. ముసలామెకి తెలిసినదంతా ఒక జీవితం నడిపి సంపాదించుకున్నది. లెక్కల టీచరుగా రిటైరైన మనిషి ముందు గిలక్కాయ పెడితే చిన్నబుచ్చుకుంటుంది, మాటల్లో చెప్పలేకపోయినా. అష్టాచెమ్మా పట్టా పరిస్తే వేరే సంగతి. గవ్వలు, చింతగింజలు మాత్రం జాగ్రత్త, అన్నీ నోట్లో పెట్టుకునే దశ ఒకటి వస్తుంది.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఇళ్లలోనే ఉన్నారు. పాశ్చాత్య దేశాల్లో ఒక పద్ధతి ఉంది. బుట్టెడు తువ్వాళ్లు ఇచ్చి మడత పెట్టమంటారు, అయ్యాక చాటుగా విప్పేసి మళ్లీ ఇస్తారు. చేతులకి పని దొరుకుతుంది, మనసు కుదుటపడుతుంది, నిజమే. ఆమె చేసిన పనిని ఆమెకి తెలియకుండా చెరిపేయడం మాత్రం నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. దూది ఇచ్చి దీపానికి వత్తులు చేయమంటే ఆ చిక్కు లేదు. కొంచెం వంకరగా ఉన్నా, లావుగా ఉన్నా, సాయంత్రం అవి ప్రమిదలోకి వెళ్తాయి.