తప్పు మనదైతే ఇన్సూరెన్స్ రాదా? ప్రమాదం తర్వాత అపోహలు - వాస్తవాలు

"సార్, తప్పు మాదే. ఇక క్లెయిమ్ రాదు కదా?" తిరుమల ఘాట్ రోడ్డు దిగుతూ పిట్టగోడకు గీరుకున్న కారు దగ్గరైనా, రేణిగుంట రోడ్డు షెడ్డులో ముందు భాగం నుజ్జయిన కారు దగ్గరైనా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం నష్టం అంచనా వేసే సర్వేకు వెళ్లిన నాకు ముందుగా వినిపించే మాట ఇదే. పక్కవాళ్లకు వినపడకుండా అడుగుతారు.

అపోహ: తప్పు మనదైతే మన బండికి పైసా రాదు.

వస్తుంది. ఫుల్ ఇన్సూరెన్స్ అని అందరూ పిలిచే పాలసీలో సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం ఇందుకే. మీరే వెళ్లి డివైడర్‌ను కొట్టినా, రివర్సులో మీ ఇంటి గేటుకే తగిలించినా అది వర్తిస్తుంది. పొరపాటు చేయని డ్రైవర్లకే పరిహారమైతే ఇన్సూరెన్స్ ఎవరికి కావాలి? క్లెయిమ్‌కు అడ్డుపడేవి వేరే ఉన్నాయి. తాగి నడపడం, సరైన లైసెన్సు లేకపోవడం, సొంత బోర్డు కారును బాడుగకు తిప్పడం. ఈ చివరిది మన ఊళ్లో మరీ ఎక్కువ. తెల్ల నంబరు ప్లేటు కారులో యాత్రికులను డబ్బుకు తిప్పుతూ ప్రమాదం చేసి, వాళ్లు బంధువులని రాయించేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

ఈ అపోహ వల్ల అసలు నష్టం ఏమిటంటే, భయపడి కథ మారుస్తారు. షెడ్డు దగ్గర ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "కుక్క అడ్డం వచ్చిందని రాయండి", "మీ బావమరిది నడిపాడని చెప్పండి". ఆ సలహా ఇచ్చినవాడు క్లెయిమ్ తిరస్కరించిన ఉత్తరం వచ్చిన రోజు కనిపించడు.

ఒక రిటైర్డ్ ఉద్యోగి కారు చూడటానికి వెళ్లాను. తానే నడిపానన్నారు. డ్రైవర్ సీటేమో స్టీరింగుకు ఆనుకునేంత ముందుకు జరిపి ఉంది. ఎదురుగా ఉన్న ఆయన ఆరడుగుల మనిషి. "ఒకసారి కూర్చుని చూపిస్తారా అండీ?" అన్నాను. మోకాళ్లు లోపలికి పట్టలేదు. వెనక నిలబడ్డ కూతురు ఏడ్చేసింది. నడిపింది ఆ అమ్మాయి. లైసెన్సు ఉందా అంటే బ్యాగులోంచి తీసి ఇచ్చింది. గడువు కూడా తీరలేదు. కొత్తగా నేర్చుకున్న పిల్ల కాబట్టి క్లెయిమ్ రాదని ఎవరో చెప్పారట. అదృష్టం, ఫారం మీద ఇంకా సంతకం పెట్టలేదు. జరిగింది జరిగినట్టు ఆ అమ్మాయే రాసిచ్చింది, డబ్బు వచ్చింది. మరో కేసులో ఎఫ్ఐఆర్‌లో ఒక పేరు, క్లెయిమ్ ఫారంలో ఇంకో పేరు. నిజంగా నడిపిన మనిషికి లైసెన్సు ఉండి కూడా ఆ క్లెయిమ్ పోయింది. నిజం రాసి ఉంటే వచ్చేదే.

సొట్ట ఎంత ఎత్తున పడింది, గీత ఎటు నుంచి ఎటు సాగింది, ఎదుటి బండి రంగు ఎక్కడ అంటింది, ఇవన్నీ మేము చూస్తాం. కథకు, సొట్టకు పొంతన కుదరకపోతే ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బండి కదిలించే ముందు నంబరు ప్లేటు కనపడేలా నాలుగు వైపులా ఫొటోలు, రోడ్డు మీది టైరు గుర్తులు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే ఫోను చేయండి.

తప్పు ఎవరిదన్న లెక్క వచ్చేది ఎదుటివాళ్లకు నష్టం జరిగినప్పుడు. పెద్ద బండిదే ఎప్పుడూ తప్పు అన్నది ఒట్టి మాట. ఎఫ్ఐఆర్‌లో పేరున్నంత మాత్రాన తప్పు తేలిపోయినట్టూ కాదు. సాక్ష్యాలు చూసి నిర్ణయించేది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. ఇద్దరి నిర్లక్ష్యమూ ఉంటే, బాధితుడి వాటా మేరకు పరిహారం తగ్గుతుంది. ఎదుటివాళ్లకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమాలో మరణానికి, గాయాలకు గరిష్ఠ పరిమితి లేదు. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ప్రైవేటు కార్లకు మామూలుగా 7.5 లక్షలు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మీ కారుకు మీ కంపెనీ ఏమీ ఇవ్వదు.

మిగతావి త్వరగా చెబుతాను. ఎఫ్ఐఆర్ లేనిదే ఏ క్లెయిమూ రాదన్నది తప్పు. చిన్న సొట్టలకు సాధారణంగా అడగరు. ఎవరికైనా గాయమైతే మాత్రం పోలీసులకు చెప్పి తీరాలి, రోడ్డు మీదే రాజీ పడి డబ్బిచ్చి రాకండి. ఫుల్ ఇన్సూరెన్స్ అంటే మొత్తం ఇస్తారనుకోవద్దు. భాగాల అరుగుదల కింద కోత పడకుండా అదనంగా తీసుకునే జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే. చిన్న గీతకు క్లెయిమ్ చేస్తే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే, 50 శాతం దాకా పెరిగే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) పోతుంది, లెక్క వేసుకోండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేరిస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు, 2019 సవరణలో చట్టమే రక్షణ ఇచ్చింది.

గుద్దిన బండి ఆచూకీ దొరకకపోయినా దారి ఉంది. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు కాగితాల మాట ఎత్తడానికే మనసు రాదు, అది నాకు తెలుసు. కానీ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, ఆదాయం చూపే కాగితాలు దగ్గర పెట్టుకుని వకీలును కలవండి. దర్శనానికి వచ్చి ఇక్కడ ప్రమాదానికి గురైన కుటుంబాలు తిరుపతికి, చిత్తూరుకు తిరగాల్సిన పని లేదు. తాము ఉండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేసుకోవచ్చు.